బత్తాయి వేరులో మిత్ర శిలీంధ్రాలు – నారుమడిలోనే మొదలు కావలసిన యాజమాన్యం

గత శతాబ్దపు మధ్యభాగంలో అమెరికాలోని నిమ్మజాతి నర్సరీలను ఒక వింత సమస్య పీడించింది. వేరుకుళ్ళు కలిగించే ఫైటోఫ్తోరాను, నులిపురుగులను నిర్మూలించడానికి నర్సరీ యజమానులు మిథైల్ బ్రోమైడ్ వంటి విషవాయువులతో నేలను శుద్ధి చేసేవారు. అలా శుద్ధి చేసిన మడులలో గింజలు చక్కగానే మొలకెత్తేవి. కొద్ది వారాలు గడిచేసరికి మొక్కలు ఎదుగుదల ఆగి, ఆకులు పాలిపోయి, జానెడు ఎత్తుకు మించకుండా నిలిచిపోయేవి. అదే మడిలో అక్కడొకటి ఇక్కడొకటిగా కొన్ని గుంపులు మాత్రం పచ్చగా, ఏపుగా పెరుగుతుండేవి. నేలలో తెగులు లేదు, పురుగు లేదు, నీటి కొరత లేదు. విషవాయువు అవశేషాలే కారణమని తొలుత భావించారు. గిడసబారిన మొక్కల ఆకులను విశ్లేషిస్తే భాస్వరం, జింకు, రాగి లోపాలు కనిపించాయి. నేలలో ఆ పోషకాలు ఉన్నాయి, మొక్కకు మాత్రం అందడం లేదు.

ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లైన్‌ష్మిట్, గెర్డెమన్‌లు 1972లో ఈ చిక్కుముడిని విప్పారు. విషవాయువు తెగులు శిలీంధ్రాలతో పాటు వేరులో నివసించే మేలైన శిలీంధ్రాలను కూడా చంపివేసిందని, ఆ శిలీంధ్రాన్ని తిరిగి మట్టిలో కలిపితే మొక్కలు కోలుకుంటున్నాయని వారు నిరూపించారు. శిలీంధ్రం ఎలాగో బతికి బయటపడిన చోట, లేదా పక్క నేల నుండి వచ్చి చేరిన చోట మొక్కలు పచ్చని గుంపులుగా నిలిచాయన్నమాట. శుభ్రమైన నేల అంటే ఆరోగ్యవంతమైన నేల అన్న నమ్మకానికి నిమ్మజాతి నారుమడిలో తగిలిన మొదటి పెద్ద దెబ్బ ఇది.

ఈ సంగతి జరిగి అర్ధ శతాబ్దం దాటింది. మిథైల్ బ్రోమైడ్ మాంట్రియల్ ఒప్పందం కింద వాడకం నుండి దాదాపుగా తొలగిపోయింది. అయినా మన నర్సరీలలో అదే పొరపాటు వేరే రూపంలో సాగుతూనే ఉంది. లోతు నుండి తవ్వి తెచ్చిన ఎర్రమట్టిని ఎండబెట్టి సంచులలో నింపుతారు. నారుకుళ్ళు వస్తుందేమోనన్న భయంతో వారం వారం కార్బెండజిమ్ ద్రావణంతో తడుపుతారు. మొక్క పాలిపోతే డి.ఎ.పి. నీళ్ళు పోస్తారు. కొనుగోలుదారు కంటికి మొక్క పచ్చగానే కనిపిస్తుంది. వేరులో మాత్రం దానికి తోడు ఎవరూ ఉండరు. అలాంటి అంటు నల్లగొండ చల్కా నేలలోనో, అనంతపురం గరుగు నేలలోనో నాటిన మొదటి వేసవికి ఏమవుతుందో తోటలు తిరిగే విస్తరణ శాస్త్రవేత్తలకు విడమరచి చెప్పనక్కరలేదు.

నిమ్మజాతి వేరు ప్రత్యేకత

నల్లగొండలో బత్తాయి అన్నా, రాయలసీమలో చీనీ అన్నా అది సాత్‌గుడి రకమే. మన ప్రాంతంలో దీనిని ఎక్కువగా రంగపూర్ నిమ్మ వేరుమూలంపై, కొంతవరకు జంబేరిపై అంటుకడుతున్నారు. రంగపూర్ నిమ్మ ట్రిస్టెజా వైరస్‌ను, నీటి ఎద్దడిని తట్టుకోగలదు కనుకనే దానికి ఆదరణ లభించింది. అయితే వేరుమూలం ఏదైనా నిమ్మజాతి వేర్లకు ఒక ఉమ్మడి బలహీనత ఉంది. వరి, జొన్న వేర్లలా వాటికి దట్టమైన నూగువేర్లు ఉండవు. ఉన్నవి పొట్టివి, పలుచనివి.

భాస్వరం విషయంలో ఈ బలహీనత తీవ్రమవుతుంది. నత్రజని నీటితో పాటు కదిలి వేరును చేరుకుంటుంది. భాస్వరం అలా కదలదు. ఎర్రనేలల్లో ఇనుము, అల్యూమినియంలతోనూ, సున్నపు నేలల్లో కాల్షియంతోనూ కలిసి ఉన్నచోటనే బిగుసుకుంటుంది. వేరు తన చుట్టూ 1-2 మి.మీ. మేర ఉన్న భాస్వరాన్ని తీసుకున్నాక అక్కడ ఒక ఖాళీ వలయం ఏర్పడుతుంది. ఆ వలయం అవతల ఎంత భాస్వరం ఉన్నా వేరుకు అందని ద్రాక్షే. వేరులో కాపురముండే ఆర్బస్క్యులర్ మైకోరైజా శిలీంధ్రం తన తంతువులను ఈ వలయాన్ని దాటించి కొన్ని సెంటీమీటర్ల దూరం వరకు పంపుతుంది. ఈ తంతువు మందం 2 నుండి 10 మైక్రాన్లు మాత్రమే. వేరు దూరలేని మట్టి రంధ్రాలలోకి అది దూరుతుంది. పిడికెడు మంచి మట్టిలో ఇలాంటి తంతువులు మీటర్ల కొద్దీ అల్లుకుని ఉంటాయి.

జింకు, రాగి కూడా ఇదే దారిన వేరును చేరతాయి. తెలుగు రాష్ట్రాల బత్తాయి తోటల్లో జింకు లోపం, అంటే ఆకులు చిన్నవై ఈనెల మధ్య పసుపు రంగు తేలడం, సర్వసాధారణం. దీనికి జింకు సల్ఫేటు పిచికారీ చేయిస్తాం. అదే సమయంలో రైతు పాదుల్లో డి.ఎ.పి. గుమ్మరిస్తూనే ఉంటాడు. భాస్వరం మితిమీరితే మైకోరైజా తగ్గి, జింకు అందే దారి మూసుకుపోతుందన్న విషయం పైరుల మీద జరిగిన పరిశోధనల్లో చాలాకాలం క్రితమే తేలింది. ఒక చేత్తో తాళం వేసి మరో చేత్తో తలుపు తట్టడం లాంటిదే ఈ పద్ధతి.

స్ట్రాబెర్రీ వేరు దగ్గర దొరికిన ఆధారం

మైకోరైజా అన్న మాటను 1885లో జర్మన్ వృక్షశాస్త్రవేత్త ఆల్బర్ట్ బెర్నార్డ్ ఫ్రాంక్ సృష్టించాడు. గ్రీకు భాషలో మైకెస్ అంటే శిలీంధ్రం, రైజా అంటే వేరు. ప్రష్యా ప్రభుత్వం ఆయనకు అప్పగించిన పని వేరు: ఖరీదైన ట్రఫుల్ పుట్టగొడుగులను సాగుచేయడం సాధ్యమేమో చూడమన్నారు. సాగు కుదరలేదు గాని, అడవి చెట్ల వేర్లను కప్పి ఉన్న శిలీంధ్రం చెట్టుకు హాని చేయడం లేదని, పైగా దానిని పోషిస్తోందని ఆయన గ్రహించాడు. ఆనాటి శాస్త్రవేత్తలలో చాలామంది ఈ మాటను నమ్మలేదు. శిలీంధ్రమంటే తెగులు అన్నదే వారి చదువు.

పండ్ల మొక్కలకు సంబంధించినంతవరకు అసలు మలుపు ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, ఈస్ట్ మాలింగ్ పండ్ల పరిశోధన కేంద్రంలో వచ్చింది. అక్కడ బార్బరా మోస్ 1953లో స్ట్రాబెర్రీ వేర్లను అంటిపెట్టుకుని ఉన్న శిలీంధ్ర సిద్ధబీజ సముదాయాలను గుర్తించింది. అప్పటివరకు వేరులోపలి శిలీంధ్రాన్ని సూక్ష్మదర్శినిలో చూసినవారున్నారు గాని, ఏ సిద్ధబీజం నుండి అది వచ్చిందో నిలకడగా చూపినవారు అరుదు. 1957లో ఆమె ఆపిల్ మొక్కలపై ప్రయోగించి, శిలీంధ్రం ఉన్న మొక్కలకు, లేని మొక్కలకు ఎదుగుదలలోను ఖనిజ పోషకాలలోను తేడా ఉందని ప్రకటించింది. తరువాతి కాలంలో ఆ శిలీంధ్రానికి గ్లోమస్ మోసే అని ఆమె పేరే పెట్టారు. నేటి వర్గీకరణలో అది ఫన్నెలిఫార్మిస్ మోసే. పండ్ల మొక్క వేరు మీద మొదలైన శాస్త్రం ఆ తరువాత ఎక్కువగా మొక్కజొన్న, ఉల్లి కుండీల వైపు మళ్ళింది. కుండీలో ఫలితం తొందరగా వస్తుంది, చెట్టు మీద ఏళ్ళు పడుతుంది. పరిశోధన పత్రాల లెక్కలో ఈ తేడా చిన్నది కాదు.

మన దేశంలో ఈ శాస్త్రానికి బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయంలో డి.జె. బాగ్యరాజ్ గట్టి పునాది వేశారు. ఏ మొక్కకు ఏ శిలీంధ్రం బాగా కలిసివస్తుందో వెతికి చూసి, దానిని నారుమడి దశలోనే అందించాలన్న దృక్పథం మన దేశంలో ఆయన బృందం పనివల్లనే బాగా స్థిరపడింది.

ఇచ్చిపుచ్చుకోవడంలోని లెక్క

ఈ సాహచర్యం దానధర్మం కాదు. భాస్వరం కొరతలో ఉన్న వేరు స్ట్రైగోలాక్టోన్లనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. వీటి జాడ తగిలిన శిలీంధ్రం కొమ్మలు వేసి వేరు వైపు సాగుతుందని 2005లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. వేరు పైపొరను చీల్చుకొని లోపలి కణాలలోకి చేరాక శిలీంధ్రం చిన్న చెట్టు ఆకారంలో కొమ్మలుగా విడిపోతుంది. అదే ఆర్బస్క్యూల్. తెచ్చిన భాస్వరాన్ని మొక్కకు అప్పగించేదీ, బదులుగా ఆహారాన్ని పుచ్చుకునేదీ ఇక్కడే. ఒక్కో ఆర్బస్క్యూల్ ఆయుష్షు కొద్ది రోజులే. పాతవి కరిగిపోతుంటే కొత్తవి పుడుతుంటాయి.

మొక్క తయారుచేసుకున్న ఆహారంలో సుమారు 4 నుండి 20 శాతం వరకు శిలీంధ్రానికి పోతుందని అంచనా. చక్కెరలే కాక కొవ్వు ఆమ్లాలను కూడా మొక్కే సరఫరా చేస్తుందని 2017లో రుజువైంది. ఈ శిలీంధ్రానికి కొవ్వులను సొంతంగా మొదటినుంచీ తయారుచేసుకునే జన్యువులు లేవు. అందువల్లనే ప్రయోగశాలలో అగార్ పళ్ళెం మీద ఒంటరిగా దీనిని పెంచడం చాలాకాలం సాధ్యపడలేదు. రైజోబియం, అజోస్పైరిల్లం లాగా ట్యాంకుల్లో పెంచి పొట్లాలు కట్టే వస్తువు కాదిది. బతికి ఉన్న వేరు కావలసిందే. వాణిజ్య తయారీలో ఎదురయ్యే ఇబ్బందులకు, మార్కెట్లో ధరకు, నాణ్యతలో హెచ్చుతగ్గులకు మూలం ఈ ఒక్క గుణమే.

ఆహారం రూపంలో చెల్లించే ఈ మూల్యం భాస్వరం తక్కువగా ఉన్న నేలలో మొక్కకు గిట్టుబాటవుతుంది. భాస్వరం పుష్కలంగా ఉంటే గిట్టుబాటు కాదు. ఫ్లోరిడాలో గ్రాహమ్, ఐసెన్‌స్టాట్ తదితరులు 1990 దశకంలో నిమ్మజాతి మొక్కలపై జరిపిన అధ్యయనాలు ఈ విషయాన్ని సూటిగా చూపాయి. భాస్వరం అధికంగా అందించినప్పుడు మైకోరైజా ఉన్న మొక్కలు లేనివాటికంటే తక్కువ పెరిగాయి. వేరు శ్వాసక్రియ పెరిగి, శిలీంధ్రాన్ని పోషించే ఖర్చు మొక్క మీద పడింది. మైకోరైజాను అన్ని నేలలకూ, అన్ని దశలకూ సర్వరోగ నివారిణిగా చెప్పే కరపత్రాలు ఈ ఫలితాలను ప్రస్తావించవు. విద్యార్థులు మాత్రం వీటిని తప్పక చదవాలి.

ఇందులో నుండి తేలే వ్యావహారిక సూత్రం ఒక్కటే: భూసార పరీక్షలో లభ్య భాస్వరం ఎంత ఉందో తెలియకుండా మైకోరైజాను సిఫారసు చేయరాదు. కాంప్లెక్స్ ఎరువులు దశాబ్దాలుగా వాడిన మన నీటివసతి భూముల్లో భాస్వరం పేరుకుపోయిన కమతాలు తక్కువేమీ కాదు. అక్కడ ముందు చేయవలసింది డి.ఎ.పి. బస్తాను ఆపడం, లేదా బాగా తగ్గించడం. మైకోరైజా సంగతి ఆ తరువాత. రాక్ ఫాస్ఫేటు, ఫాస్ఫారిక్ ఆమ్లం, డి.ఎ.పి.లలో అధిక భాగాన్ని మన దేశం దిగుమతి చేసుకుంటోందన్న సంగతి గుర్తుంచుకుంటే, ఈ తగ్గింపు ఒక్క రైతు జేబుకు సంబంధించినదే కాదని అర్థమవుతుంది.

తెగులును ఆపుతుందా?

మైకోరైజా ఉన్న మొక్క వేరుకుళ్ళును తట్టుకుంటుందన్న మాట విరివిగా వినిపిస్తుంది. ఇందులో సత్యం ఉంది, షరతూ ఉంది. డేవిస్, మెంజ్‌లు 1980లో బత్తాయి జాతి నారుపై ఫైటోఫ్తోరాతో చేసిన ప్రయోగంలో భాస్వరం తక్కువగా ఉన్న నేలలో శిలీంధ్రం మేలు చేసింది. భాస్వరం సమృద్ధిగా ఇచ్చినచోట ఆ మేలు నిలవలేదు. అంటే రక్షణలో ఎక్కువ భాగం మొక్కకు దక్కిన బలం నుండి వచ్చినదే. బలమైన మొక్క తెగులును ఓర్చుకుంటుంది. బంక తెగులు సోకిన చెట్టు మొదట్లో మైకోరైజా పొట్లం విప్పి పోస్తే చెట్టు బతకదు. అటువంటి చోట బెరడును గీకి బోర్డో పేస్టు పూయడం, మొదలు వద్ద నీరు నిలవకుండా పాదును సవరించడం ఇవే మార్గాలు.

తెగులు శిలీంధ్రాలతో నేరుగా పోరాడేది మరో కోవకు చెందిన ట్రైకోడెర్మా. దాని కథ కూడా నిమ్మ నారుమడిలోనే మొదలు కావడం విశేషం. కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ సిట్రస్ పరిశోధన కేంద్రంలో రిచర్డ్ వైండ్లింగ్ 1932లో ట్రైకోడెర్మా తంతువులు నారుకుళ్ళు కలిగించే రైజోక్టోనియా తంతువులను చుట్టుకొని, చొచ్చుకుపోయి చంపుతున్నాయని వివరించాడు. తరువాత ఫాసెట్‌తో కలిసి నిమ్మజాతి నారుపై ప్రయోగాలు చేసి, మట్టిని కొంత ఆమ్లగుణంగా మారిస్తే ట్రైకోడెర్మా చురుకు పెరుగుతుందని గమనించాడు. ఆయన వాడిన శిలీంధ్రానికి నాడు పెట్టిన పేరు ట్రైకోడెర్మా లిగ్నోరమ్. అది నేటి వర్గీకరణలో ట్రైకోడెర్మా వైరెన్స్ అయి ఉంటుందని తరువాతివారు తేల్చారు. పేర్ల తికమక నేటికీ తీరలేదు. మన దేశంలో విరిడి పేరుతో వాడుతున్న రకాలలో పలు రకాలు నిజానికి ఆస్పెరెల్లం, దాని దగ్గరి జాతులేనని జన్యు పరీక్షల్లో బయటపడింది.

ఆమ్లగుణం గురించి వైండ్లింగ్ చెప్పిన మాట మనకు నేరుగా అన్వయిస్తుంది. రాయలసీమలోని సున్నపు నేలల్లో ట్రైకోడెర్మా పొడిని నేరుగా పాదులో చల్లితే ఆశించిన ఫలితం రాదు. క్షారగుణం, సేంద్రియ పదార్థపు కొరత రెండూ దానికి ప్రతికూలమే. అందుకే 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 1-2 కిలోల ట్రైకోడెర్మా కలిపి, నీళ్ళు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి వారం పది రోజులు మాగనిచ్చి వేయమంటున్నాం. ఆ కుప్పలో శిలీంధ్రం వృద్ధి చెంది, తన ఆహారాన్ని వెంటబెట్టుకొని నేలలోకి వెళుతుంది. మాగబెట్టే ఈ పది రోజులనే రైతులు సాధారణంగా దాటవేస్తారు. కుప్పపై పచ్చని బూజు కనిపించిన తరువాతే వేయాలని ఒక్కసారి కంటికి చూపిస్తే ఆ పని మళ్ళీ మానరు.

నారుమడిలో చేయవలసినది

నాటిన తోటలో, ముఖ్యంగా కాపుకు వచ్చిన చెట్లకు మైకోరైజా వేయడం కంటే నారు దశలో వేయడం ఎన్నో రెట్లు ప్రయోజనకరం. లేత వేరును శిలీంధ్రం సులువుగా ఆక్రమిస్తుంది. ఒకసారి కుదురుకుంటే మొక్కతో పాటు తోటకు తరలిపోతుంది. ఖర్చు తేడా కూడా గమనించదగ్గది. ఎదిగిన చెట్టుకు సుమారు 200 గ్రాములు వాడమంటారు. అదే సంచిలోని మొక్కకు 5 నుండి 10 గ్రాములు చాలు.

రంగపూర్ నిమ్మ గింజలను కాయ నుండి తీసిన కొద్ది రోజులలోనే విత్తాలి, ఆరిపోతే మొలకశక్తి పోతుంది. మడిలో విత్తేటప్పుడు చదరపు మీటరుకు 100 గ్రాముల చొప్పున మైకోరైజా మిశ్రమాన్ని 2-3 సెం.మీ. లోతున పరిచి, దాని పైన గింజ పడేలా చూడాలి. పైపైన చల్లితే మొలక వేరు దానిని తాకకుండానే కిందికి పోతుంది. వేరుకు, శిలీంధ్రానికి ముఖాముఖి కలయిక జరగడమే ఇక్కడ కీలకం. నారును సంచులలోకి మార్చేటప్పుడు వేరు కింద మరోసారి 5 గ్రాములు వేసుకోవచ్చు. కాండం పెన్సిలు మందానికి వచ్చి అంటుకట్టే నాటికి శిలీంధ్రం వేరంతా అల్లుకొని ఉంటుంది.

సంచి మట్టిలో భాస్వరం ఎరువు పరిమితంగానే ఉండాలి. డి.ఎ.పి. నీళ్ళు పూర్తిగా మానాలి. నత్రజని కావలసివస్తే పలుచని యూరియా ద్రావణం సరిపోతుంది. కార్బెండజిమ్, బెనోమిల్ కుటుంబపు మందులతో మట్టిని తడిపితే మైకోరైజా, ట్రైకోడెర్మా రెండూ దెబ్బతింటాయి. ఫైటోఫ్తోరా కనిపిస్తే మెటలాక్సిల్ లేదా ఫోసెటైల్ అల్యూమినియం ఎంచుకోవాలి. ఫైటోఫ్తోరా నిజమైన శిలీంధ్రం కాదు, దానిపై పనిచేసే ఈ మందులు మైకోరైజాకు పెద్దగా హాని చేయవు. నర్సరీకి వెళ్ళినప్పుడు మందుల అలమర తెరిపించి చూడడం ఏ ఉపన్యాసం కంటే మేలు.

మైకోరైజా మిశ్రమాన్ని నర్సరీలోనే తయారుచేసుకోవడమూ కష్టం కాదు. నల్ల పాలిథీన్ పరచిన చదరపు మీటరు గుంటలో వర్మిక్యులైటు, శుద్ధి చేసిన కొద్దిపాటి మట్టి నింపి, కిలో మూల మిశ్రమాన్ని పైపొర కింద పరచి, మొక్కజొన్న విత్తి రెండు నెలలు పెంచాలి. తరువాత కాండాన్ని కోసివేసి, వేర్లతో సహా మిశ్రమాన్ని ముక్కలు చేస్తే సుమారు 50 కిలోలు వస్తుంది. మొక్కజొన్నను, జొన్నను ఎంచుకోవడంలో మరో సౌలభ్యముంది. నిమ్మజాతి వేర్లను ఆశించే నులిపురుగు వీటిపై బతకదు. అంతేగాని పాత బత్తాయి తోటలోని చెట్టు మొదలు మట్టిని తెచ్చి మంచి శిలీంధ్రం ఉంటుందని సంచుల్లో కలపడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. మైకోరైజాతో పాటు ఫైటోఫ్తోరాను, ఫ్యుజేరియంను, నులిపురుగును కూడా జిల్లాలు దాటించిన వాళ్ళమవుతాం.

పొట్లంలో ఏముంది?

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు, 1985 పరిధిలోకి మైకోరైజా జీవన ఎరువు కూడా వచ్చింది. గ్రాము ఉత్పత్తిలో కనీసం 100 సజీవ వ్యాప్తి భాగాలు ఉండాలని ప్రమాణం. ట్రైకోడెర్మా విరిడి పొడికయితే గ్రాములో కనీసం 20 లక్షల సజీవ కణాలుండాలి. కాగితం మీద ప్రమాణం ఉండడం వేరు, నడివేసవిలో రేకుల షెడ్డు కింద ఉన్న దుకాణంలో మూడు నెలలు పడి ఉన్న పొట్లంలో ప్రాణం మిగలడం వేరు. ఈ చిక్కు మనకొక్కరికే పరిమితం కాదు. 2004లో అమెరికాలో పది వాణిజ్య మైకోరైజా ఉత్పత్తులను నర్సరీ పరిస్థితుల్లో మొక్కజొన్నపై పరీక్షిస్తే, కొన్నింటివల్ల వేర్లలో శిలీంధ్రం జాడే కనిపించలేదు.

రైతు కొన్న పొట్లం పనికిరానిదైతే నష్టపోయేది ఆ సొమ్ము మాత్రమే కాదు. మరుసటి ఏడాది విస్తరణాధికారి మాట చెవికెక్కదు. కనుక సిఫారసు చేసే ముందు పరీక్షించే అలవాటు శాస్త్రవేత్తకు ఉండాలి. దానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. అనుమానమున్న మిశ్రమంతో కుండీలో జొన్నగాని మొక్కజొన్నగాని పెంచి, 4-6 వారాల తరువాత సన్నని వేర్లను కడిగి తీయాలి. 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో వేడిచేస్తే వేరు పారదర్శకమవుతుంది. ఫిలిప్స్, హేమన్‌లు 1970లో ప్రకటించిన పద్ధతిలో ట్రైపాన్ బ్లూ రంగు వాడతారు. అది విషపదార్థం, విద్యార్థుల చేతికి ఇవ్వడానికి వెనుకాడవలసినదే. 1998 నుండి అంతకంటే సులువైన మార్గం అందుబాటులో ఉంది. మామూలు వెనిగర్‌లో 5 శాతం కలం సిరా కలిపి ఆ వేర్లను కొద్ది నిమిషాలు మరిగించి, కొంచెం వెనిగర్ కలిపిన నీటిలో కడిగితే చాలు, శిలీంధ్రం మాత్రం సిరా రంగుతో మిగులుతుంది. అయితే అన్ని సిరాలూ ఒకే తీరుగా పట్టవు, ముందు ఒకటి రెండు రకాలు ప్రయత్నించి చూసుకోవాలి. గళ్ళు గీసిన పళ్ళెంలో వేర్లను పరచి, గీతను తాకిన వేరు ముక్కల్లో రంగు ఉన్నవెన్నో లెక్కిస్తే శాతం వస్తుంది. ఈ గళ్ళ పద్ధతిని 1980లో ప్రామాణికం చేసినవారిలో బార్బరా మోస్ కూడా ఉన్నారు. కళాశాలలో పాత సూక్ష్మదర్శిని ఒక్కటి పనిచేస్తున్నా ఇది ఒక పూట పని.

కాపుకొచ్చిన తోటల మాట

ఎదిగిన బత్తాయి చెట్టు వేర్లలో స్థానిక మైకోరైజా ఎంతో కొంత ఉంటుంది. బయటి శిలీంధ్రాన్ని తెచ్చి పోయడం కంటే ఉన్నదానిని చంపకుండా చూడడం చవక, నమ్మకం కూడా. సాళ్ళ మధ్య ఏటా రెండు మూడు సార్లు రోటవేటర్ తిప్పే తోటల్లో తంతువుల వల ఎప్పటికప్పుడు తెగిపోతుంది. గడ్డిని కోసి అక్కడే పరచడం, జనుము గాని పిల్లిపెసర గాని చల్లి పూత దశలో కోసి మల్చింగ్‌గా వేయడం మేలు. లేత తోటల్లో అంతరపంటగా అలసంద, మినుము, వేరుశనగ వేస్తే వాటి వేర్లలోనూ ఈ శిలీంధ్రం బతుకుతుంది. ఆవ, క్యాబేజీ కుటుంబపు పంటల్లో మైకోరైజా చేరదు. తోటకూర కుటుంబంలోనూ దాదాపు అంతే. వాటిని బత్తాయి సాళ్ళలో ఏళ్ళ తరబడి వరుసగా వేయకపోవడం మంచిది. కలుపును నిర్మూలించి నేలను అద్దంలా ఉంచడమే మంచి సేద్యమని పెద్దలు అనుకుంటూ వచ్చిన చోట ఈ మాట తొందరగా రుచించదు, అది వేరే సంగతి.

నీటి ఎద్దడి విషయంలో చైనాలో నారింజ వేరుమూలాలపై సాగిన విస్తారమైన పరిశోధనలు మైకోరైజా ఉన్న మొక్క ఎద్దడిని మెరుగ్గా తట్టుకుంటుందని సూచిస్తున్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం కుండీ ప్రయోగాలు. బోర్లు ఎండి ట్యాంకర్లతో చెట్లను నిలుపుకున్న రైతుకు కుండీలోని ఫలితాన్ని హామీగా చెప్పడం సబబు కాదు. రంగపూర్ నిమ్మపై, మన చల్కా నేలల్లో, మైకోరైజా ఉన్న అంట్లను లేని అంట్లతో పక్కపక్కనే నాటి, కాపుకు వచ్చేవరకు వేసవి వేసవికీ నమోదు చేసే పని తిరుపతి నిమ్మ పరిశోధన కేంద్రం వంటి చోట్ల, రైతు క్షేత్రాల్లోనూ జరగాలి. స్నాతకోత్తర విద్యార్థి రెండేళ్ళలో డిగ్రీ పూర్తిచేసి వెళ్ళిపోతాడు. బత్తాయి చెట్టుకు కాపు రావడానికే అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఒక విద్యార్థి నాటిన వరుసను తరువాతి విద్యార్థి కొలిచేలా విభాగం స్థాయిలో ఏర్పాటు ఉంటేనే ఈ ప్రశ్నకు జవాబు వస్తుంది.

అంతవరకు నర్సరీలలో ఒక చిన్న పని చేయవచ్చు. మైకోరైజా వేసిన ప్రతి మడిలోనూ చివరి వరుసను వేయకుండా వదిలి, ఆ సంచులకు తెల్ల రంగు చుక్క పెట్టాలి. మట్టి, నీరు, ఎరువు, అంటుకట్టే చెయ్యి అన్నీ ఒకటే. రైతు తన తోటలో ఆ రెండు రకాల అంట్లను ఒకే సాలులో నాటితే, మొదటి వేసవి గడిచాక తేడా ఉందో లేదో అతడే చెబుతాడు. తేడా లేదని చెప్పినా నమోదు చేసుకోవలసిందే. ఆ కమతపు భూసార పరీక్ష ఫలితాన్ని పక్కన పెట్టి చూస్తే ఎందుకు లేదో చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది.